లైన్లో గరగర

పెరూ పటానికి మూడు రంగులు చాలంది కదా నైదా, మీ టీచరు.
సముద్రం పక్కన పసుపు, నడుమ గోధుమ, అటువైపు ఆకుపచ్చ.
నిన్న రాత్రి ఆకుపచ్చలో అనాసలు ఎక్కించుకుని
ఇవాళ పొద్దున పసుపులో దించాను.
గీతలు ఎక్కడ దాటానో నాకు తెలీదు.
లారీకి తెలుసు.

లా మెర్సెద్‌లో ఉప్పుడబ్బా బోర్లించినా గింజ రాలదు.
ఆరేసిన చొక్కా మూడోనాటికి నాచు వాసన.
నేలలో పుల్ల గుచ్చి మరిచిపోతే
మళ్ళీ ట్రిప్పుకి చిగురేసి ఉంటుందట.
హమాలీ ఫౌస్తో చెప్పేదాంట్లో సగం తీసేయాలి.
తీసేసినా
ఓ కొమ్మ మిగులుతుంది.

తార్మా వచ్చిందని పూలతోటల వాసన చెబుతుంది.
స్వెట్టరు అక్కడ తొడుక్కుంటాను,
స్టీరింగు వదలకుండా, ఒక్కో చెయ్యీ.

ఒరోయా దాటాక గడ్డి తప్ప ఇంకేదీ నిలబడదు.
ఆ పైన తిక్లియో.
నాలుగువేల ఎనిమిది వందల మీటర్లని బోర్డు మీద రాశారు,
తలనొప్పి సంగతి రాయలేదు.
సీటు మీది చిప్స్ పొట్లం కప్పలా ఉబ్బి కూర్చుంటుంది.
టీ కొట్టు సబీనా చీకటితోనే బంగాళాదుంపలు పొయ్యి మీద పెడుతుంది,
నీళ్ళు కళపెళలాడుతూనే ఉంటాయి, దుంప మాత్రం రాయిలా ఉంటుంది.
"మా ఆయనలాగే, చప్పుడెక్కువ" అంటుంది.
పోయిన నెల అక్కడ పట్టపగలు టైరు మార్చాను.
ఎండవైపు చెంప కాలింది,
నీడవైపు చెవి మొద్దుబారింది.
రెండూ నావే, ఒకే తలకాయవి.

అక్కణ్ణించి ఒకటే దిగుడు.
చోసికాలో సూర్యుడుంటాడు, మరో గంటకి ఉండడు.
లీమా మీద ఆగస్టు ఆకాశం,
గాడిద పొట్ట రంగంటారే, అదే.
ఇక్కడ తుంపర పడదు, గాల్లో వేలాడుతుంది.
మన కొండ మీద వలలు కట్టి
పొగమంచుని పట్టి డ్రమ్ముల్లోకి పిండుతాం.
ఇంత చెమ్మలోనూ మన ఇంటికి చూరు లేదు,
కప్పుకి వాలు లేదు.
వానొస్తుందని కట్టినవాళ్ళెవరూ అనుకోలేదు.
తొమ్మిదేళ్ళొచ్చాయి నీకు,
ఇంతవరకు గొడుగు పట్టింది లేదు.

అందుకే ఆ రాత్రి ఫోన్ చేశాను.
మెకానిక్ షెడ్డు రేకుల మీద అడవి వాన,
పక్కనున్న మనిషి నోరు కదులుతుంది, మాట వినపడదు.
ఫోను పైకెత్తి పట్టుకున్నాను, భుజం లాగేదాకా.
"విన్నావా?"
"అమ్మా, లైన్లో ఏదో గరగర.
ఏమీ వినపడట్లేదు, మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేశాను. అదే గరగర.
మూడోసారికి నువ్వు నిద్రపోయావు.

ఇదిగో ఈ సీసా.
తిక్లియోలో నీళ్ళన్నీ తాగి మూత బిగించాను.
దీన్నెవరూ తొక్కలేదు, నలపలేదు.
నేను దిగుతున్నకొద్దీ ఎవరో పిడికిలి బిగించినట్టు
దానంతటదే నొక్కుకుపోయింది.
మూత నువ్వే తియ్యి. మెల్లిగా.
ఆ చిన్న చప్పుడుంది చూడు,
అది మన గాలి లోపలికి పోవడం.
ఇది మాత్రం వినపడిందిగా.

పటం ఇంకా ఆరలేదు.
చెమ్మకి గోధుమరంగు ఆకుపచ్చలోకి పాకింది,
పసుపు అంచు ముడతపడింది.
మళ్ళీ గీస్తానని ఏడవకు.
ఇరవైకి పదకొండు వేస్తే వెయ్యనీ.
అడవిలోకి దిగేటప్పుడు ఆ చోట
అద్దం బయటివైపు నుంచి మసకేస్తుంది,
వైపర్ వేస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది.
నువ్వేసింది అచ్చం అలానే ఉంది.

నేను కాసేపు పడుకుంటాను.
బ్రష్షు కడిగిన నీళ్ళు పారబొయ్యకు,
కుండీలో పొయ్యి.
ట్యాంకరు ఎల్లుండి గానీ రాదట.