మేడ మీద పని

గృహప్రవేశం నాడు అందరూ
గోడల రంగు చూశారు, గుమ్మం చెక్క తట్టి చూశారు.
పైకి ఎవరూ రాలేదు.
గంగునాయుడు మేస్త్రీ ఒక్కడే
తిన్న చెయ్యి తుండుకి తుడుచుకుంటూ
మెట్ల దగ్గర నన్ను ఆపాడు.
"అమ్మా, కట్టడం వరకే నా కూలి.
ఎండకి పగలకుండా, గాలికి లేవకుండా
సూసుకోడానికి కూలి ఎవులూ ఇవ్వరు.
మీరే ఎక్కాల."

ఎక్కుతున్నాను.

మల్కాపురంలో వేకువ నాలుగున్నరకి,
డిపోకి పోయే ముందు,
ఒక చీపురు, ఒక పాత టికెట్ల సంచి.
రాత్రంతా హార్బరు పంపిన బొగ్గు
కాటుకంత మెత్తగా
నా తెల్ల మేడ మీద పరుచుకుని ఉంటుంది.
ఊడ్చి సంచిలో పోస్తాను.
రేపటికి మళ్లీ అంతే చిల్లర.

ఏప్రిల్లో సున్నం.
బక్కెట్లో బుసబుసా ఉడుకుతుంటే
మా ఆయన సూరప్పడు దూరంగా నిలబడి
"ఎవరి నెత్తి చల్లబడ్డానికే ఇదంతా?" అన్నాడు.
అరికాళ్లు కాలి, గోనెసంచి ముక్కల మీద గెంతుతూ
రెండు పూతలు వేశాను.
ఆ రాత్రి వీపుకి చెమట పట్టకుండా
గురక పెట్టి నిద్రపోయింది ఆయనే.

పిట్టగోడ మొదట్లో ఒక పగులు,
వెంట్రుకంత.
నా గోరు దూరదు. నీళ్లు దూరాయి.
తొలి వానకి వంటింటి పైకప్పులో
చెమ్మ కనబడింది, చిన్న పెసరట్టంత.
స్టూలెక్కి పెన్సిలుతో చుట్టూ గీత గీసి
తేదీ వేశాను. జూలై పన్నెండు.
ఆగస్టు మూడుకి గీత దాటింది.
పగులు గీకి, సిమెంటూ జిగురూ కూరి,
మళ్లీ గీత, మళ్లీ తేదీ.
పిల్లల ఎత్తు గోడ మీద రాసుకుంటారు అందరూ.
నేను ఎదగకూడని దాన్ని కొలుస్తున్నాను.

హుద్‌హుద్ నాడు మేం రేకుల కింద ఉన్నాం, అద్దెకి.
గాలి ముందు తలుపే కొట్టింది, మర్యాదగా.
తర్వాత పైనుంచి మేకు మేకూ పీకింది.
మంచం కింద నుంచి చూశాను,
ఇల్లు ఎంత తేలిగ్గా విప్పుకుంటుందో.
మర్నాడు మా రేకు రెండు వీధుల అవతల
ఎవరి స్కూటరుకో కప్పి ఉంది.
ఓనరు అద్దె తగ్గించలేదు.

అందుకే మెట్ల మీద వేయించిన నాలుగు రేకుల్నీ
ఇప్పటికీ నమ్మను.
ఉప్పుగాలికి బోల్టు లోలోపల పొట్టు రాలుతుంది.
స్పానరు పెట్టి ఒక్కొక్కటీ తిప్పి చూస్తాను.
పెళుసెక్కిన వాషరు చేతికొస్తుంది.
హార్డ్‌వేర్ షాపు కుర్రాడికి నేనంటే నవ్వు:
"కండక్టరమ్మా, ఈసారి ఎన్ని టికెట్లు?"
"పదహారు. రబ్బరువి. గట్టివియ్యి."

నిన్న రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎత్తారు.
యూనిఫాం విప్పకుండానే ఎక్కాను.
తూము నోట్లో మూడు బాదం ఆకులు,
కాకి వదిలేసిన చేప ముల్లు,
ఎవరి లంగావో సగం నాడా.
మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగాను.
ట్యాంకు మూతకి తాడు. కుండీలు కిందికి.
పక్క మేడ నుంచి ఎర్రమ్మ వదిన
"కొత్త స్లాబే కదే, ఏటవుద్ది?" అంది.
"కొత్తదని మనకి తెలుసు వదినా,
గాలికి ఎవరు చెప్తారు?"

రెండింటికి కరెంటు పోయింది.
ఆయనా నేనూ ఫోను వెలుగులో
వంటింట్లో మెడలెత్తి నిలబడ్డాం.
ఆగస్టు గీత లోపలే ఉంది చెమ్మ.
గోడ వెనక తూములో నీళ్లు దిగుతున్నాయి,
సీసా ఒంపినట్టు గుడగుడమని.
ఆయన వేలితో గీత చూపించి ఏదో అనబోయి
ఊరుకున్నాడు. చాలాసేపు విన్నాం.

తెల్లారాక వెళ్లి చూస్తే
మేడంతా కడిగేసి ఉంది.
ఏప్రిల్లో, మూలన చిక్కగా పడ్డ సున్నంలో
ఆరకముందే తొక్కిన నా పాదం,
ఐదు వేళ్లతో సహా.
ఆ గుంటలో మాత్రం బొగ్గునీళ్లు నిలిచాయి.
నల్లటి అడుగు, ఒక్కటే.
రెండోది ఎక్కడ వేశానో గుర్తు లేదు.

బస్సులు తిరుగుతాయో లేదో తెలీదు.
చీపురు తీసుకున్నాను.