ఒక్క తూము నీళ్లు

మిర్యాలగూడ కోర్టు గేటుకు ఎదురుంగ
రేకు పందిరి కింద నా టైపు మిషిను.
ఐ అక్షరం అరిగింది,
దాన్ని జర గట్టిగ కొట్టాలె.
పేజీకి ఇరవై అయిదు.

పొద్దుగాల పగిళ్ల లచ్చయ్య వచ్చిండు,
గడియసేపటికి పగిళ్ల ముత్తిలింగం.
ఇద్దరి తాతలు ఒక్క కడుపున పుట్టినోళ్లే.
ఎడమ కాల్వ ఆఖరి తూము కాడ
ఇద్దరి మళ్లకు ఒక్కటే పిల్లకాల్వ.
వరి పొట్టకొచ్చిన నాడు
ఒకలు రాత్రి గడ్డేసి కట్టిన్రు, ఒకలు తెల్లారకముందే తెంపిన్రు.
పార ఎవరి మోకాలికి తగిలిందో
కాయిదంల ఉంది, నేను చెప్పొద్దు.

వకీలు రాసిచ్చిన ఇంగ్లీషుల
రైవల్ అన్న మాట పదకొండు సార్లు.
పదకొండు సార్లు ఐ ని గట్టిగ కొట్టిన.

రాత్రి డిక్షనరీ తీసిన.
కాలం చేసిన ప్లీడరు బుక్కులు ఇంటోళ్లు తూకానికేస్తుంటె
కిలో పన్నెండు లెక్కన తెచ్చుకున్నది.
అట్ట లేదు. ఎ మొత్తం పోయింది.
బి మొదట్లనే మన పందికొక్కు కూసోనుంది,
బ్యాండికూట్ అని పేరు మార్చుకొని,
పక్కన చిన్నక్షరాల తెలుగు అని పుట్టినూరు రాయించుకొని!
ఒక్కణ్నే నవ్వుకున్న.
ఏ గోదాముల వడ్లు బుక్కుకుంట ఓడెక్కిందో.

కాయిదాలు తిప్పుకుంట ఎటో పోయిన.
విండో అంటె గాలికన్నట.
మనోళ్లు గవాక్షం అన్నరు, ఆవుకన్ను.
వాళ్ల గోడల కెల్లి గాలి తొంగిచూసింది
మన గోడల కెల్లి ఆవు.
మా ఇంటి కిటికీకి ఒక రెక్క లేదు,
దాంట్లకెల్లి దోమలు చూస్తున్నయి.

రైవల్ కాడికొచ్చేసరికి కరెంటు పోయింది.
సెల్లు వెలుతురుల చదివిన.
లాటిన్ల రైవస్ అంటె వాగు.
ఒక్క వాగు నీళ్లు వాడుకునేటోడు రైవల్.
మల్లొకసారి చదివిన. అంతే ఉంది.
పగ లేదు, పార లేదు.

అయితె ఆ దేశంల గూడ
అర్ధరాత్రి తూము కాడ గొంగడి కప్పుకొని
కావలి పండుకున్నోడు ఎవడో ఉండె.
వాని మడి గూడ ఆఖర్నే ఉండె.

మాకు మాత్రం ఏం తక్కువ?
పాలు పంచుకునేటోళ్లు పాలోళ్లు.
దాయం అందుకునేటోడు దాయాది.
ఆ మాట ఇప్పుడు నోట్లెకొస్తె
పండ్లు కొరుకుడు సప్పుడే ఇనొస్తది.

తెల్లారి సంతకాలకు వచ్చిన్రు.
ఉండబట్టక లచ్చయ్యకు చెప్పిన.
బీడి ఆర్పి, చెవు సందున పెట్టుకొని అడిగిండు:
"ఆళ్లకు నీళ్లు సరిపోయినయా, సైదులన్నా?"
డిక్షనరీల అది లేదన్న.
అవతలి బెంచి మీద ముత్తిలింగం
ఇననట్టు మోకాలు కట్టు సదురుకుంటున్నడు.

నాలుగింటికి వాళ్లూరికి ఒక్కటే ఆటో.
ఒకలు ముందట, ఒకలు ఎనక.
డ్రైవరు తాన చిల్లర లేదు.
ముత్తిలింగం నూరు నోటు ఇచ్చి,
లచ్చయ్య దిక్కు చూడకుంటనే అన్నడు:
"ఇద్దరివి పట్టుకో.
ఊర్లె ఇస్తడు తియ్యి, యాడికి పోతడు?"

నేను ఇంకో కాయిదం ఎక్కించిన.
గెట్టు పంచాది. అక్కాచెల్లెండ్లు.
మొదటి మాటలనే ఐ ఉంది.