మడత బండి

నా కొలువుకి చిరునామా లేదు.
రాత్రి తొమ్మిది దాటాక ఫోను దగ్గుతుంది:
గొర్రెమాంసం హోటలు ముందు, తెల్ల కారు,
తాగినవాడు ఒకడు.
అంతే. బయల్దేరతాను.

చాంగ్‌చున్‌లో జనవరి.
ఊరు ఊరంతా సున్నాకి ఇరవై మూడు మెట్లు కింద కాపురముంటాం.
చలికి బ్యాటరీ ముసలిదైపోతుంది,
ముప్పై కిలోమీటర్లని నమ్మబలికి
పదిహేడుకే చతికిలబడుతుంది.
అందుకే ఆగినప్పుడల్లా ఊడదీసి
కోటు లోపల, చంకలో పెట్టుకుంటాను.
చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిందట ఎవరో.
నేను వెతకను.
అక్కడే ఉందని నా పక్కటెముకలకి తెలుసు.

బండి పదమూడు కిలోలు.
హ్యాండిలు దగ్గర ఒక మడత, నడుము దగ్గర ఒకటి,
సీటు గొట్టం కిందికి జారితే సరి.
నడుము దగ్గరే ఎప్పుడూ మడత పేచీ,
మంచు ముక్క ఇరుక్కుంటే బోల్టు మాట వినదు.
బూటు మడమతో ఒక్కటిస్తే
సిగ్గుపడి ముడుచుకుంటుంది.
డిక్కీలో ముందు నా పాత దుప్పటి పరుస్తాను,
వాళ్ళ తివాచీకి నా దారి అంటకుండా.

ఇక వెనక సీట్లో వాళ్ళు.
ఒకడు పెళ్ళాం పేరు తప్పు పలికి నాలిక కరుచుకుంటాడు.
ఒకడు ఏడుస్తాడు, కిటికీ అద్దం తుడుస్తూ, అద్దమే ఏడుస్తోందనుకుని.
ఒకావిడ, పళ్ళ డాక్టరట, దారంతా ఎదుటి అద్దంలో నా నోరే చూసి
దిగుతూ అంది: "ఎడమ దవడ పన్ను. ఆలస్యం చెయ్యకు."
చేస్తూనే ఉన్నాను.

ఇరవై రెండేళ్ళు కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించాను.
ఎడమవైపువి మాత్రమే.
రోజుకి మూడొందల పైచిలుకు.
మేస్త్రీ జ్యావ్ మమ్మల్ని కళ్ళు మూయించి వినమనేవాడు:
సరిగ్గా కూర్చున్న తలుపు "దుక్" అంటుంది,
కూర్చోనిది "టక్" అంటుంది.
తర్వాత ఒక ఇనుప చెయ్యి వచ్చింది.
దానికి చెవులు లేవు, జీతమూ లేదు.

నిన్న రాత్రి ఒక నల్ల కారు,
అంచులు తుప్పుపట్టింది, మా చేతుల కాలంది.
ఊరి చివర, దీపాలు కూడా విసిగిపోయి ఆగిపోయిన చోట
ఆ ముసలాయన్ని దింపి తలుపు వేశాను.
దుక్.
మళ్ళీ తెరిచి వేశాను.
"పడింది, పడిందిలే," అన్నాడాయన, గోడ పట్టుకుని.
మూడోసారి వేసింది మటుకు నాకోసం.

అప్పుడడిగాడు, ఇన్ని నెలల్లో ఎవరూ అడగనిది:
"మరి నువ్వెలా పోతావమ్మా?"
డిక్కీ తెరిచాను.
నడుము, మెడ, చక్రాలు
ఒక్కొక్కటే నిద్రలేస్తుంటే
నోరు తెరుచుకుని చూశాడు,
మా మనవడికి చెప్పినా నమ్మడన్నాడు.
చంకలోంచి బ్యాటరీ తీయబోతే మటుకు
మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు,
ఫోను వెలుగు మంచుమీదికి పట్టి.

పందొమ్మిది కిలోమీటర్లు.
బ్యాటరీలో నలభై మూడు శాతం, నాలో ఎంతో తెలీదు.
ఎత్తు వచ్చినచోట దిగి నడిపించాను,
పల్లంలో అది నన్ను నడిపించింది.
నదిమీద వంతెన దగ్గర
మరో రెండు చిన్న దీపాలు వణుకుతూ ఆగి ఉన్నాయి,
మాలాంటివాళ్ళే, లో పిన్, ఇంకో కొత్త కుర్రాడు.
గడ్డకట్టిన నల్ల పియరు పండు ఒకటి
ముగ్గురం పంచుకున్నాం.
రాయిలా ఉంది మొదట.
నోట్లో ఉంచుకుంటే మెల్లగా తియ్యబడింది.
ఎడమ దవడ జివ్వుమంది.

ఇంట్లో లైటు వెయ్యను.
బండి మంచం కిందికి దూరుతుంది.
గ్వాంగ్‌లిన్ నిద్రలోనే గోడవైపు జరుగుతాడు
నాకూ, ఇంకా వెచ్చగా ఉన్న బ్యాటరీకీ
చోటు విడిచి.