తొమ్మిదో వరస

నెలకోసారి, మొదటి గురువారం
డాక్టర్ల పడవ వస్తుంది మా దీవికి.
పేర్లు రాసే పుస్తకం నా దగ్గరుంటుంది.
చిలోయే వానలకి చెమ్మెక్కిన ఆ కాగితం మీద
ఏ పెన్ను ఎంత నొక్కితే రాస్తుందో
పదిహేడేళ్ళుగా నాకొక్కదానికే తెలుసు.

డోమితిలా: మోకాళ్ళు.
రోసమెల్: వేలికి చేపముల్లు, చీము.
పడవలవాళ్ళ కొత్త కోడలు: ఆరో నెల.
ముసలి ఎవారిస్తో: పన్ను.
భార్య పోయిన దగ్గర్నుంచి
ప్రతిసారీ పన్నే అంటాడు.
నేను పన్ను అనే రాసి, పక్కన చిన్నగా
సైకాలజిస్టు గది నంబరు వేస్తాను.
చూడనట్టే ఊరుకుంటాడు. వెళ్తాడు.

అంత తెలిసినదాన్ని.
ఎన్నాళ్ళ నుంచి? నిద్ర పడుతోందా?
ఇష్టమైన పని ఇంకా ఇష్టంగానే ఉందా?
ఈ ప్రశ్నలు నాకు ఎక్కాల్లా నోటికొచ్చు.
ఎక్కాలు వచ్చినంత మాత్రాన
ఇంటి లెక్క తేలుతుందా?

మాది వాన సీమ. రేకుల మీద చప్పుడు
ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాం.
మొన్నటి వేసవి నుంచీ
వాన ఉన్నా లేకున్నా మూడింటికి మెలకువ.
మళ్ళీ మర్నాడూ మూడింటికే.
వయసు అనుకున్నాను.
కళ్ళు మండితే, తడి కట్టెల పొగ అనుకున్నాను.
చెల్లెలు ఫోన్ చేస్తే
గిన్నెలు తోముతున్నాను, తర్వాత మాట్లాడతానన్నాను,
పొడి చేతులు ఒళ్ళో పెట్టుకుని.
తొట్టిలో నాలుగు రోజుల గిన్నెలు.

పెద్దదేమీ జరగలేదు. అదే చిక్కు.
ఎవరూ పోలేదు, పడవేదీ మునగలేదు.
ఎముక విరిగితే చప్పుడవుతుంది.
జ్వరానికి గాజుగొట్టంలో గీత ఉంటుంది.
దీనికి గీత ఎక్కడ?
ఎన్ని తెల్లవారుజాములు దాటాక
నోరు విప్పొచ్చు?

నాకది బంగాళదుంపల దగ్గర కనిపించింది.
ఊదారంగువి, మా నాన్న దాచిన విత్తనం.
ఏటా తవ్వగానే మొదటిదాన్ని
ముక్కుకి ఆనించుకుంటాను, ఎవరూ చూడకుండా.
ఈసారి తవ్వాను, బస్తాకెత్తాను, మూతి కుట్టాను.
గుమ్మం దాకా వచ్చాక గుర్తొచ్చింది.
వెనక్కెళ్ళి కుట్టు విప్పి ఒకటి తీసి చూశాను.
మట్టి. అంతే. ఉత్త మట్టి.
ఆ బస్తా మీదే కూర్చుండిపోయాను.
చీకటి పడ్డాక కుక్క వచ్చి
నా బూటు మీద తల పెట్టుకుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు.
నా పెరట్లో చెట్టునీ నేనే, రోగినీ నేనే.

మర్నాడు పుస్తకం తెరిచాను.
ఎనిమిది వరసలు నిండాయి.
తొమ్మిదోదాంట్లో ఒతీలియా అని రాశాను.
ఇంటిపేరు రాయడానికి కాసేపు పట్టింది,
దీవి మొత్తానికి ఈ పేరు నాదొక్కటే అయినా.
కారణం అన్న గడిలో
పన్ను అని రాసి
కొట్టేశాను.

గురువారం గాలి. రేవు మూసేశారు.
పడవ రాదని రేడియో చెప్పింది.
ఎంత తేలికపడ్డానో చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.
ఆ పేజీ చింపేస్తే సరిపోయేది.

అప్పుడొచ్చాడు ఎవారిస్తో, నీళ్ళోడే టోపీతో.
పడవ రాదని తెలిసే వచ్చాడు.
బల్ల మీది పుస్తకాన్ని అటువైపు నుంచే
తలకిందులుగా చదివాడు.
తొమ్మిదో వరస దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.
జేబులోంచి ఫోన్ తీసి, చొక్కాకి తుడిచి
నా ముందు పెట్టాడు.
"కొండ మీదకెళితే సిగ్నల్ దొరుకుతుంది.
పడవ రాని నెలల్లో
నా పన్ను సంగతి నేను అక్కణ్ణుంచే మాట్లాడతాను."

ఇద్దరం ఎక్కాం.
ఆయన ఆయాసానికి రెండుసార్లు ఆగాం.
నాకోసం ఒకసారి.