వెండిపెట్టె వీపు

అమారా బజారులో మా కొట్టు
మూడు గజాల వెడల్పు.
ఒక దాగలి, ఒక కొలిమి,
గంధకం వాసన పట్టేసిన నా చేతులు.

పేరు నజాత్.
అది కార్డు మీది పేరు.
ఇంకొకటుంది,
తెల్లబట్టల గురువు అమ్మ పేరుతో జోడించి
మెడలోతు నీళ్లలో ఇచ్చింది.
అది టిగ్రిస్‌కి తెలుసు.
మీకు చెప్పను.

మొన్న జనాభా లెక్కలవాడొచ్చాడు.
మందాయీలం అన్నాను.
కలం ఆగిపోయింది.
ఎలా రాస్తారో తెలీదు అని నవ్వి
ఇతరులు అన్న గడిలో టిక్కు పెట్టి
మా టీ తాగి వెళ్లాడు.
మంచివాడే.
గ్లాసు కడిగి పెట్టబోయాడు కూడా.

మా విద్య ఏమిటంటే
వెండిని సూదిములికితో గీకి
ఆ గీతలో నలుపు పోసి కాల్చడం.
గీత పైపైన ఉంటే నలుపు రాలిపోతుంది.
లోతుకు దిగితే
మనిషి పోయినా అది పోదు.
తాత దాఖిల్ చెప్పేవాడు ఈ మాట,
చెప్తూ చెప్తూ నా వేలు కాల్చుకోనిచ్చేవాడు.

చెల్లెలు సిడ్నీ నుంచి ఫోన్ చేస్తుంది ఆదివారాలు.
అక్కడి నది నిండుగా ఉంటుందట,
గట్టున బాతులట,
కాపలాకి ఎవరూ అక్కర్లేదట.
ఇక్కడ ఈసారి పండగకి
నీళ్లు మోకాలు దాటలేదు.
కూర్చుని మునిగాం.
ఉమ్ హైదర్ కొడుకు తన పొలం మోటారు
ఆ పూటకి ఆపేశాడు, మేం అడక్కుండానే.
రావే అక్కా అంటుంది చెల్లెలు.
ఆ నదికి నా పేరు తెలియదు కదే అంటాను.
చెప్తే సరిపోదా అంటుంది.
దీనికి నా దగ్గర జవాబు లేదు.

నిన్న ఒక సైనికుడు వచ్చాడు.
వంతెన దగ్గర చెక్‌పోస్టు కుర్రాడు, కర్రార్.
మీసం ఇంకా కుదురుకోలేదు.
జేబులోంచి సిగరెట్ పెట్టె తీశాడు,
మూతకి కీలు విరిగింది.

మా తాతది, అన్నాడు.
చూడండి, ఇరాక్ అంటే ఇదీ!
చూశాను.
నల్లని గీతల్లో ఒక పడవ,
గెడ వేస్తున్న మనిషి,
రెండు ఖర్జూర చెట్లు,
కూలగా మిగిలిన ఒక కమాను.
గెడ పట్టినవాడి నడుము కొంచెం వంకర.
ఆ వంకర నాకు తెలుసు.

నా జుట్టు చూశాడు, గోడ మీది తెల్లగుడ్డ చూశాడు.
మీరెక్కడివాళ్లు?
ఇక్కడివాళ్లమే.
అది కాదు, అసలు?

అసలు.
ఎన్ని తరాలుగా కడుతున్నామో ఆ అసలు,
వడ్డీ మాత్రం
ప్రతి వంతెన దగ్గరా కొత్తగా లెక్కేస్తారు.
పైకి అనలేదు.
కీలుకి తీగ కొలుస్తూ
ఈ బజారే అన్నాను.

అతికించి, రుద్ది, చేతికిచ్చాను.
వెనక్కి తిప్పి చూశాడు.
ఇక్కడేవో గీకుళ్లున్నాయి,
అవి కూడా అరగదీసి నున్నగా చెయ్యండి,
డబ్బు ఎక్కువిస్తాను.

కళ్లద్దాలు పెట్టుకున్నాను,
అక్కర్లేకపోయినా.
చీమంత అక్షరాలు, మా లిపి.
మా తాత దాఖిల్ పేరు,
కింద ఊరి పేరు.
ఆకురాయి చేతికి దగ్గరలోనే ఉంది.
వీధిలో పుచ్చకాయల బండివాడు అరుస్తున్నాడు.

అవి పోవు బాబూ.
ఎందుకు పోవు?
లోతుగా దిగాయి.
వాటిని తీస్తే
పెట్టెకి చిల్లు పడుతుంది,
ముందువైపు పడవ కూడా మిగలదు.

కాసేపు బొటనవేలితో తడిమాడు,
చదవగలిగినట్టు.
ఉండనీ అయితే, అన్నాడు.
మూత రెండుసార్లు తెరిచి మూశాడు.
కిర్రుమంది.
రేపు రా, చమురు వేస్తానన్నాను.