పైకప్పు పలికిన రోజులు

ముప్పై ఏళ్లు రీగాలో ట్రామ్ నడిపాను.
థియేటర్ స్టాపులో దిగేవాళ్ల బూట్ల మెరుపు చూశానే గానీ
లోపల వాళ్లేం చూస్తారో ఎన్నడూ అడగలేదు.

మార్చిలో అన్నీ మూసేశారు.
ఏప్రిల్లో నా వంటింటి పైకప్పు మోగడం మొదలైంది.
ధన్. కాసేపాగి మళ్లీ ధన్.
దీపం ఊగి, సూపులో సున్నం రాలింది.
చీపురు తిరగేసి మూడుసార్లు పొడిచాను.

మర్నాడు గుమ్మంలో రై రొట్టె, కింద ఒక చీటీ:
"మన్నించండి. పైనుండే జెల్మాని.
బాలే కంపెనీ తలా ఒక లినోలియం చుట్ట పంపింది, రెండు మీటర్లు.
సింకు అంచే ఇప్పుడు నాకు పట్టుకొమ్మ.
పదకొండింటికి ఫోన్లో క్లాసు.
ఎగరకుండా ఉండలేను."

పదకొండయ్యేసరికి కుర్చీ లాక్కోవడం అలవాటైంది.
దిగడంలో రకాలున్నాయని మెల్లగా తెలిసింది.
పిల్లి దిగినట్టు ఒకటి,
బంగాళాదుంపల బస్తా దించినట్టు ఒకటి.
మధ్యలో ఒక నిశ్శబ్దం,
మనిషి గాల్లో ఉన్నంతసేపు.
చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

నవంబరులో తొమ్మిది రోజులు కప్పు పలకలేదు.
పదోనాడు దగ్గు వినబడింది.
దగ్గుకి సంతోషించాను, దేవుడు క్షమించాలి.

తలుపులు తెరిచాక టికెట్ ఇచ్చింది.
నాకు అటూ ఇటూ ఖాళీ కుర్చీలు, ముక్కుకి గుడ్డ.
అంత దూరాన, అంత వెలుగులో ఎవరో ఎగిరారు.
వయొలిన్లు చప్పుడంతా మింగేశాయి.
ఆమె ఎవరో పోల్చుకోలేకపోయాను.

కళ్లు మూసుకున్నాను.
అప్పుడు దిగింది, పిల్లిలా.

చేతిలో చీపురు లేదు.
బూటు మడమతో నేల మీద
మూడుసార్లు కొట్టాను.