నల్లా రాని రోజు

చిక్కడపల్లి సందుల, జిరాక్సు దుకాణం మీది గదిల
భుజంగరావు సారు చెప్తుంటే నేను టైపు కొట్టేదాన్ని.
వారానికో దయ్యం కథ.
పేజీకి పన్నెండు రూపాయలు, చాయ్ ఆయనదే.

మొదటి కథకే అడిగిన,
"దయ్యం ఎప్పుడొస్తది సార్?"
"వస్తే ఇంకేముంది నాంచారీ,
వచ్చినవాడికి కుర్చీ వేస్తాం.
రానివాడి కోసమే కదా తలుపు వైపు చూసేది."

కుక్క ఏడుపు కొట్టేయమన్నడు.
అమావాస్య కొట్టేయమన్నడు.
తెల్లచీరనైతే
"మడిచి బీరువాలో పెట్టు, మనకొద్దు" అన్నడు.

మిగిలింది ఇంతే:
మలక్‌పేట క్వార్టర్సు, మూడో అంతస్తు.
లెక్కల టీచరు సలోమి, ఒక్కతే ఉంటది.
నల్లా రోజు విడిచి రోజు.
ఇయ్యాల రాని రోజు.
బడి నుంచి వచ్చి తాళం తీసేసరికి
బాత్రూంల బక్కెట్టు నిండుగ ఉన్నది.

"భయపడ్డట్టు రాయకు" అన్నడు సారు.
"ఆ నీళ్లతో బియ్యం కడగనీ."

కడిగింది.
కుక్కర్ పెట్టి, పరీక్ష పేపర్లు ముందలేసుకొని కూసున్నది.
మూడో విజిల్ కాడ నా వేళ్లు ఆగినయ్.
"ఎవరు నింపిన్రు సార్?"
ఆయన చాయ్‌ల పడ్డ ఉస్మానియా ముక్క కోసం
చెంచాతోని దేవులాడుతుండు.
"తెలిసిన రోజు రాయడం మానేస్తా."

ఒక్క మాట మీద అరగంట పోయింది.
"నిండుగా తీసెయ్. అంచు దాకా అను.
నింపినవాడికి
తొందరేం లేదని తెలియాలి."

తర్వాత ఒక లైను ఖాళీ వదలమన్నడు.
"ఏం రాయాలె అక్కడ?"
"ఏమీ వద్దు. చదివేవాళ్లు
వాళ్ల వాళ్ల ఇల్లు తెచ్చి పెట్టుకుంటారు."

గా రాత్రి షేర్ ఆటో దిగి
రాంనగర్‌ల మా ఇంటికి వచ్చేసరికి పది దాటింది.
వాన పడి పోయింది, రేకుల మీద ఇంకా చుక్కలు.
అక్క దవాఖాన్ల నైట్ డ్యూటీ.
మాకు ఇయ్యాల నల్లా రోజే.
బక్కెట్టు నిండి ఉండాల్సిందే, ఉన్నది.

కాళ్లు కడుగుదామని మగ్గు తీసిన.
అంచు దాకా ఉన్నయ్ నీళ్లు, కదలకుండ.
మా అక్క తొందర మనిషి,
ఎన్నడూ ముప్పావు బక్కెట్టు దాటనియ్యదు.

మగ్గు మళ్ల కొక్కానికి తగిలించిన.
బురద కాళ్లతోనే మంచం మీద కూసున్న.
నువ్వే నింపినవా అని
ఒక్క ఫోను కొడితే అయిపోతది.

కొట్టలే.